దత్తమండలపు వీధిబడులలో బాలశిక్షణము

విద్యాచరిత్రలు వ్రాయువారు తరచుగా చట్టములను, విద్యాశాఖల నిర్మాణమును, నిధుల పంపకమును వర్ణింతురు. ఐదేండ్ల బాలుడు తెల్లవారగనే బడికి పోయి ఆనాడు ఏమి దిద్దెను, ఏమి వల్లించెను, ఏడాది గడచునప్పటికి ఏమి నేర్చెను అను సంగతి ఆ గ్రంథములలో అరుదుగా కానవచ్చును. కడప, కర్నూలు సీమల విషయమున ఈ కొరతను కొంత తీర్చగల ఆధారము కలదు. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822 జూనులో తన పాలనలోని జిల్లాలన్నిటిలోను ఎన్ని బడులున్నవి, వానిలో ఏమి చెప్పుచున్నారు, ఎవరు చదువుచున్నారు అని కలెక్టరులను ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపిన సమాధానము తక్కినవానికంటె విపులమైనది. కడప కలెక్టరు సమాధానము 1825లో చేరినది. ఈ రెండింటిని జతపరచి చదివి, నాటి వీధిబడిలో చిన్నపిల్లల చదువు ఏ క్రమమున సాగెనో నిరూపించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

కాంబెల్ నివేదిక పండితులకు కొత్తది కాదు. అయితే దానిని ఇరుపక్షములవారు తమకు వలసినంత మేరకే వాడుకొనిరి. పిల్లలు పద్యములను అర్థము తెలియక చిలుకలవలె వల్లించుచున్నారని అతడు వ్రాసిన మాటను ఎత్తి చూపి, వీధిబడి చదువు చదువే కాదని కొందరు తీర్మానించిరి. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు పద్ధతిని అతడు మెచ్చుకొనిన మాటను ఎత్తి చూపి, కంపెనీ పాలనకు ముందు ఊరూర విద్య వెల్లివిరిసెనని మరికొందరు మురిసిపోయిరి. ధర్మపాల్ 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' అను గ్రంథమున ఈ నివేదికలను సమగ్రముగ ప్రకటించిన పిమ్మట ఈ రెండవ పక్షము బలపడినది. మేము ఈ రెండు తీర్పులలో దేనిని అంగీకరింపజాలము. నిందయు మెప్పును ఒకే చేతివ్రాతలో ఉన్నవి; వానికి నడుమ గురువు పుచ్చుకొను జీతపు వివరము కూడ ఉన్నది. ఆ జీతపు వివరమును చదువక నిందను గాని మెప్పును గాని గ్రహించుట సరికాదని మా వాదము.

ఆధారముల పరిధి

ముందుగా ఒక సందేహమును తీర్చవలెను. మన్రో విచారణలో కర్నూలు జిల్లా పేర ప్రత్యేకమైన లెక్క లేదు. 1839 వరకు కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉండుటయే దానికి కారణము. నిజాము 1800లో కంపెనీకి అప్పగించిన దత్తమండలమునకు మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగ ఉండెను. అటుపిమ్మట ఆ మండలము బళ్ళారి, కడప అను రెండు జిల్లాలుగ విభజింపబడినది. నాటి కడప జిల్లాలో కంభము, మార్కాపురము, కోయిలకుంట్ల తాలూకాలును, నాటి బళ్ళారి జిల్లాలో పత్తికొండ తాలూకాయు చేరియుండెను. 1858లో ఈ నాలుగును కర్నూలుతో కలుపబడినవి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలోనే ఉండెను. కావున కాంబెల్ లెక్కించిన బడులలో కొన్నియు, కడప కలెక్టరు లెక్కించిన బడులలో కొన్నియు తరువాతి కర్నూలు జిల్లాకు చెందినవే. ఈ సీమకు 'రాయలసీమ' అను పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభలో వచ్చినది గనుక, మేము ఆనాటి సంగతి చెప్పునప్పుడు దత్తమండలమను పాతపేరునే వాడుచున్నాము. ఈ విచారణను జరిపించిన మన్రో 1827 జూలై 6వ తేదీన పత్తికొండలోనే విషూచి సోకి మరణించెను.

సాక్షిని గూర్చి ఒక మాట. కాంబెల్ తెలుగు తెలియని అధికారి కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించినవాడు. అతని లోటుపాట్లు ఎట్లున్నను, బడిపిల్లల నోట వినవచ్చు భాష కావ్యభాషయో వ్యవహారభాషయో గుర్తింపగల చెవి అతనికి కలదు. ఈ కారణమున చిలుకపలుకుల విమర్శను తెలియనివాని మాటగ త్రోసివేయుటకు వీలులేదు.

బడిలో చేరుట, దినచర్య

బాలునకు ఐదవయేట అక్షరాభ్యాసము జరుగుచుండెను. ఆనాడు అయ్యవారిని, బడిపిల్లలనందరిని ఇంటికి పిలిచెదరు. విఘ్నేశ్వరుని ప్రతిమ చుట్టు అందరు కూర్చుండగా, కొత్తబాలుని ప్రతిమకు ఎదురుగ కూర్చుండబెట్టి, గురువు ప్రక్కననుండి ధూపదీపములు సమర్పించి ప్రార్థన పలికించును. బియ్యములో బాలుని వ్రేలు పట్టి దైవనామమును వ్రాయించును. తల్లిదండ్రులు శక్తికొలది కానుక నిత్తురు. మరునాటి ఉదయమునుండి చదువు మొదలగును. ఈ ఆచారము నేటికిని మన ఇండ్లలో నిలిచియున్నది. ఆనాడు బడి మొత్తము ఇంటికి వచ్చెడిదను అంశము మాత్రము గమనింపదగినది. కొత్తబాలుడు మరునాడు ఎవరి నడుమ కూర్చుండవలెనో వారిని ముందుగా తన ముంగిటనే చూచెడివాడు.

ప్రొద్దున ఆరుగంటలకు బడి తెరచుచుండిరి. మొదట వచ్చినవాని అరచేత గౌరవచిహ్నముగ సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక బెత్తపుదెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి ఎక్కువగ పడును. సోమరుల శిక్ష ఇంతకంటె కఠినము. చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుటను, ఎడతెగక కూర్చుండబెట్టి లేపుటను కాంబెల్ పేర్కొనెను. మన పెద్దలు కోదండమనియు గుంజీలనియు చెప్పుకొనినవి ఇవియే. వీధిబడిని పొగడువారు ఈ వాక్యములను విడిచిపెట్టుట న్యాయము కాదు.

పిల్లలందరు చేరిన తరువాత వారిని సాధారణముగ నాలుగు తరగతులుగ విభజింతురు. క్రిందితరగతులను పెద్దపిల్లలు చూచుకొనగా, పైతరగతులకు గురువు స్వయముగా చెప్పుచు, బడి అంతటిపై కన్ను వేసియుంచును. నేర్చినవాడు నేర్చినప్పుడే పైతరగతికి పోవును. అందరు కలిసి ఏటికొకసారి తరగతి మారుట ఆ బడిలో లేదు. బళ్ళారి జిల్లాలో 533 బడులకు 6,641 మంది విద్యార్థులు. అనగా బడికి పండ్రెండుగురు. కడపజిల్లాలో 494 బడులకు 5,892 మంది; అచ్చటను పండ్రెండుగురే. నాలుగు తరగతులుగ పంచినచో తరగతికి ముగ్గురు. గురువు ఒక్కడే అయినను ప్రతి పిల్లవాని చేతివ్రాతను ప్రతిదినము చూడగలుగుటకు ఈ చిన్నసంఖ్యయే ముఖ్యకారణమని మేము తలంచుచున్నాము. పిల్లలచే పిల్లలకు చెప్పించు ఈ పద్ధతిని మద్రాసు ఎగ్మూరులోని అనాథాశ్రమమున ఆండ్రూ బెల్ ప్రయోగించి 1797లో లండనులో ప్రకటింపగా, ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతి యను పేర వ్యాపించినది. అది అనుకరింపదగినదే యని కాంబెల్ కూడ అంగీకరించెను.

ఇసుకనుండి కాగితము వరకు

బాలుడు అక్షరములను మొదట నోట పలుకుట కాక, నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో వ్రాయుచు నేర్చుకొనెడివాడు. ఐరోపాలో అక్షరమాలను వల్లించిన పిమ్మట వ్రాత వచ్చును. ఇచ్చట వ్రాతతోనే అక్షరము వచ్చును. ఈ భేదమును కాంబెల్ ప్రత్యేకముగ గుర్తించెను. వ్రేలు కుదిరిన తరువాత గంటముతో తాటాకుపై గాని, కలముతో కాగితముపై గాని, బలపముతో పలకపై గాని, కడితముపై గాని వ్రాయు అర్హత కలుగును. ఈ సీమలో పలకయు కడితమును ఎక్కువ వాడుకలో ఉండెను. పలక యనగా అడుగు వెడల్పు, మూడడుగుల పొడవుగల కొయ్యపలక. దానిని నున్నగ చిత్రికపట్టి, అన్నమును బొగ్గుపొడిని కలిపి పూయుదురు. కడితమనగా గంజిపెట్టి గట్టిపరచిన గుడ్డను పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురులను కలిపి పూసినది. రెండింటిపై వ్రాతను తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయవచ్చును.

వ్రాయుసాధనమునకు కాంబెల్ ఇచ్చిన పేరు అచ్చులో 'బుట్టప' యని కానవచ్చుచున్నది. అది మన బలపమే యనుటకు సందేహము లేదు; తెల్లని మట్టివంటి పదార్థమని ఆతడిచ్చిన వర్ణనము సరిపోవుచున్నది. బలపపురాయి కర్నూలు సీమలో బేతంచెర్ల ప్రాంతమున దొరకును. 1858కి ముందు కడపలోను, తరువాత 1970 వరకు కర్నూలు జిల్లాలోను ఉండిన మార్కాపురము రాతిపలకలకు ప్రసిద్ధి కెక్కినది. కొయ్యపలకయు కడితమును పోయి రాతిపలక వచ్చినను, పలక బలపము అను మాటలు మారలేదు. వస్తువు మారినను మాట నిలిచియుండుట, ఈ సీమలో వ్రాతచదువు నడుమ తెగిపోలేదనుటకు ఒక చిన్న నిదర్శనము.

అక్షరముల తరువాత గుణింతములు, ఒత్తులు, ఆ పిమ్మట మనుష్యుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు, చివరకు అంకెలు. ఈ క్రమమును మా పాఠకులైన ఉపాధ్యాయులు జాగ్రత్తగ చూడగోరెదము. అక్షరము వచ్చినవెంటనే పిల్లవాడు వ్రాసిన మొదటి మాటలు తాను ప్రతిదినము వినుచున్న పేర్లు. అందు అర్థము తెలియనిది ఒక్కటియు లేదు.

ఈ బడికి నేటివలె ఏడుదినముల వారము ప్రమాణము కాదు. ఆటవిడుపులు తిథులనుబట్టి వచ్చెడివి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి మొదలగు అనధ్యయనదినములను పాటించు సంప్రదాయము సంస్కృతవిద్యనుండి వచ్చినది. ఆదివారపు సెలవును, గంటలవారి పాఠక్రమమును దొరతనపు బడులతో వచ్చినవి. పక్షమునకొకసారి వెనుకటి పాఠమును మరల తిరుగవేయుటకు ఈ తిథిక్రమము అనుకూలించెడిది.

లెక్కలు

పిల్లవాడు మొదట కూడికపట్టికను కంఠస్థము చేసి, ఒకటినుండి నూరువరకు లెక్కించుట నేర్చును. అటుపిమ్మట ద్రవ్యపు కూడికలు, తీసివేతలు, గుణకారము, నాణెములను కొలతలను పెద్దవానినుండి చిన్నవానికి మార్చుట. అన్నింటికంటె ఎక్కువ శ్రమ భిన్నములయందు పడుచుండిరి. ఆ భిన్నములు పదింటిచొప్పున కాక నాలుగింటిచొప్పున దిగును: కాలు, వీసము, కాని. అనగా నాలుగవపాలు, పదునారవపాలు, అరువదినాల్గవపాలు. వీనికి తెలుగులో ప్రత్యేకములైన గుర్తులు కలవు. కాళ్ళకు నిలువుగీతలు, వీసములకు అడ్డుగీతలు. ఒకటి, రెండు, మూడు గీతలతో లెక్క తీరును. ఈ గుర్తులు 2008లో యూనికోడు లిపిపట్టికలో స్థానము పొందినవి.

నాలుగింటి లెక్క పాతకాలపు చాదస్తము కాదు. రూపాయిలో నాలుగవపాలు పావలా. అందు నాలుగవపాలు అణా. అందు నాలుగవపాలు కాని. పుట్టి యనగా ఇరువది తూములు, తూమనగా నాలుగు కుంచములు. పుట్టి జొన్నలలో వీసమెంత యని అడిగినచో, తూమొక కుంచమని పిల్లవాడు వ్రేలు మడవకయే చెప్పవలెను. మణుగనగా ఎనిమిది వీసెలు, వీసె యనగా నలువది పలములు. మణుగు పత్తిలో వీసము ఇరువది పలములు. మెట్టపంటల సీమలో ధాన్యము కొలుచునప్పుడును, పత్తి తూచునప్పుడును, బావినీటిలో పాళ్ళు పంచుకొనునప్పుడును ఈ లెక్కయే వలయును. ఇది రానివాడు కళ్ళమువద్ద మోసపోవును. ఈ భయమే ఆ పాఠమునకు పట్టుదల కలిగించినది.

దినమునకు రెండుసార్లు పిల్లలందరు వరుసలుగ నిలిచి, పెద్దపిల్లవాడొకడు చెప్పగా, ఎక్కములను, భిన్నములను, కొలతలను, తూనికలను, నిడివిమానములను వల్లించుచుండిరి. ఇదియు వల్లెవేయుటయే. అయినను దీనిని చిలుకపలుకని కాంబెల్ అనలేదు. వల్లించిన ప్రతి మాటకు అంగడిలోను కళ్ళములోను వస్తువు కలదు. కంఠపాఠము తనంతట దోషము కాదనియు, వల్లించినదానికి బయట ఆధారము లేనప్పుడే అది దోషమగుననియు ఈ రెండు పాఠములను పోల్చిచూచిన తేటపడుచున్నది.

పద్యము, పత్రము

తక్కిన చదువు రెండు పాయలుగ సాగెను. మొదటిది పత్రపాఠము. గురువు అక్కడక్కడ సంపాదించిన దొరతనపు కాగితములను, ఉత్తరములను పిల్లలచేతికిచ్చి, పలువిధములైన చేతివ్రాతలను చదివింపజేయును. తరువాత సాధారణపు జాబులు వ్రాయుట, ఒడంబడికపత్రములు కూర్చుట నేర్పును. ఇది వ్యవహారభాషలోని గద్యము. దీనికి అచ్చుపుస్తకము గాని, ఏర్పరచిన పాఠ్యగ్రంథము గాని లేదు. ఊరి కరణము వ్రాసిన కాగితమే పాఠము.

రెండవది పద్యపాఠము. రామాయణ భారత భాగవతములు అన్ని కులముల పిల్లలకు సామాన్యములు. పనివారి కులములవారికి విశ్వకర్మపురాణము మొదలగునవి, లింగధారులకు గిరిజాకల్యాణము, చెన్నబసవపురాణము మొదలగునవి అదనముగ ఉండెను. వినోదమునకు పంచతంత్రము, బేతాళపంచవింశతి వంటి కథలు. నిఘంటువ్యాకరణములలో అమరము, ఆంధ్రనామసంగ్రహము, ఆంధ్రదీపిక, కన్నడమునకు శబ్దమణిదర్పణము పేర్కొనబడినవి. కాని ప్రతులవెల అధికమగుటవలనను, గురువులు పేదలగుటవలనను, ఈ చివరి గ్రంథములే బడులలో అన్నింటికంటె అరుదని కాంబెల్ వ్రాసెను. పుస్తకములన్నియు పద్యములే, వాని భాష మాటాడు భాషకును కాగితముల భాషకును దూరమైనది. పిల్లలు స్పష్టోచ్చారణమునకును, వ్రాసినదానిని తడుముకొనక చదువుటకును వానిని కంఠస్థము చేయుచుండిరి. అర్థము చెప్పగల గురువులు కొలది, గ్రహింపగల శిష్యులు అంతకంటె కొలది. చిలుకపలుకుల విమర్శ ఈ పట్టుననే వచ్చినది. ఇది పద్యపాఠమునకు చెందినదే గాని, లెక్కలకును పత్రములకును చెందినది కాదు.

ఇక పద్యపాఠమున అర్థము ఎందుకు లోపించెను? పద్ధతియే అర్థమును చులకనగ చూచెనా? ఇచ్చట జీతముల వివరము ఉపయోగించును. అక్షరములు నేర్చునప్పుడు పిల్లవాడు గురువునకు నెలకు పావలా ఇచ్చుట వాడుక. కాగితముపై వ్రాయువరకు గాని, పైలెక్కలవరకు గాని వచ్చినచో అర్ధరూపాయి. అంతకుమించి పద్యములకు అర్థము చెప్పుట, సంస్కృతపదములను వివరించుట, భాషాసూత్రములను బోధించుట అనువానికి గురువులు కోరెడి ప్రతిఫలము చాలమంది తల్లిదండ్రుల శక్తికి మించినది. అర్థము ఆ బడిలో లేకపోలేదు. దానికి వేరుగ వెల ఉండెను. ఆ వెల ఇయ్యలేనివాని కొడుకు పద్యమును నోటికి పట్టి, అర్థము దొరకకయే బడి విడిచెను. పిల్లలు కొందరు ఐదేండ్లకే పేదరికముచేత మానివేయుచుండగా, కలవారి పిల్లలు పదునాలుగు పదునైదేండ్లవరకు చదువుచుండిరని అతడే వ్రాసెను. చిలుకపలుకులని నిందింపబడినవారు ఎక్కువగ ఆ ఐదేండ్ల పిల్లలే యని మేము ఊహించుచున్నాము.

గురువు పక్షమునను లెక్క చూడవలెను. పండ్రెండుగురు పిల్లలు తలకొక పావలా ఇచ్చినచో నెలకు మూడు రూపాయలు. అర్ధరూపాయి ఇచ్చినచో ఆరు. బడిపంతుళ్ళకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదనియు, ఆ రాబడికి తగిన విద్వాంసులు దొరకరనియు మన్రో 1826 మార్చి 10వ తేదీన వ్రాసిన పత్రమున చెప్పెను. మా లెక్క దానితో సరిపోవుచున్నది. కాంబెల్ ఎత్తిచూపిన రెండు లోపములు, తగిన పుస్తకములు లేకుండుటయు తగిన గురువులు లేకుండుటయు, రెండును ధనాభావమునుండి పుట్టినవే.

ఎవరు చదివిరి

బళ్ళారి జిల్లాలోని 533 విద్యాస్థానములలో తెలుగుబడులు 226, కన్నడబడులు 235, మరాఠీ 23, పారసీకము 21, అరవము 4, ఇంగ్లీషు 1. బ్రాహ్మణులకు మాత్రమే సంస్కృతశాస్త్రములు చెప్పు స్థానములు 23. మరాఠీ పారసీకముల బడులు నలువదికి పైగా ఉండుటకు ఆ భాషలు కచ్చేరీలలోను లెక్కలలోను నడచుటయే కారణము. ఇచ్చటను చదువునకు ఉపయోగమే దారి చూపినది.

విద్యార్థులలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులములవారు 1,174, మహమ్మదీయులు 243, బాలికలు 60. శూద్రులును ఇతరులును కలిసి నూటికి అరువదిరెండుగురు మించియున్నారు. వీధిబడి బ్రాహ్మణబాలుర కొరకే యను అభిప్రాయము ఈ సీమకు చెల్లదు. అయితే ఆరువేల ఆరువందలకు పైబడిన పిల్లలలో బాలికలు అరువదిమందియే. అస్పృశ్యులని వెలివేయబడిన కులములకు ఈ పట్టికలో వేరు గడియే లేదు. చదువు అందరిదని చెప్పుటకు ఈ లెక్క సాక్ష్యము కాజాలదు.

సంఖ్యలను జనాభాతో పోల్చినచో మరియొక విషయము తెలియును. బళ్ళారి జనసంఖ్య 9,27,857. కడప జనసంఖ్య 10,94,460. బళ్ళారిలో సుమారు 1,740 మందికి ఒక బడి; కడపలో సుమారు 2,215 మందికి ఒక బడి. రాజధాని మొత్తమున 1,28,50,941 మందికి 12,498 బడులు, అనగా ఇంచుమించు వేయిమందికి ఒకటి. ఇండ్లలో చదువుకొనువారు ఈ లెక్కలో చేరలేదని మన్రో గుర్తుచేసెను. అది అన్ని జిల్లాలకు సమానమే. ఊరూర బడి యని రాజధాని మొత్తమును గూర్చి చెప్పుమాట దత్తమండలమునకు అన్వయింపదు. ఇచ్చట బడి సగటుకంటె రెట్టింపు అరుదుగ ఉండెను. ఈ సీమ విద్యలో వెనుకబడుట 19వ శతాబ్దపు తొలిపాదముననే కనబడుచున్నది.

కడప కలెక్టరు చెప్పిన ఒక సంగతి ఈ చీకటిలో కొంత వెలుగు. జీతమిచ్చుకొనలేని బ్రాహ్మణబాలురు పది మొదలు పదునారేండ్ల వయసులో ఇల్లు విడిచి, పదిమైళ్ళు మొదలు నూరుమైళ్ళ దూరమునకు పోయి, ఉచితముగ చెప్పు గురువును ఆశ్రయించి, ఊరిలో భిక్ష మెత్తుకొని చదువుచుండిరి. గురువులు ఏమియు పుచ్చుకొనరు. ఊరివారు అన్నము పెట్టుదురు. అర్థము వెలపెట్టి కొనవలసిన కాలమున, ఒక కులమునకు మాత్రము దానిని వెల లేక పొందు త్రోవ ఉండెనని దీని తాత్పర్యము. మిగిలినవారికి ఆ త్రోవయు లేదు.

క్షీణతకు కారణములు, తరువాతి కథ

జీతము ఇయ్యలేని స్థితి ఎట్లు వచ్చినది? ఆ ప్రశ్నకు కాంబెల్ వెనుదీయక సమాధానము చెప్పెను. ఐరోపా బట్టలు వచ్చి ఇచ్చటి నూలుబట్టల స్థానమును ఆక్రమించుటచే నేతపనివారి రాబడి తగ్గినది. సైన్యములు దూరప్రాంతములకు తరలుటచే ధాన్యమునకు గిరాకి తగ్గినది. పూర్వము దేశముననే వ్యయమగు ధనము బయటికి పోవుచున్నది. ఆదోని, జమ్మలమడుగు వంటి నేతయూళ్ళుగల సీమకు ఈ మాటలు ఎంతగ తగిలెనో చెప్పనక్కరలేదు. ఆ 533 బడులలో ఒక్కటియు దొరతనమునుండి సహాయము పొందుట లేదని చెప్పుటకు తాను సిగ్గుపడుచున్నట్లును అతడు వ్రాసెను. పిల్లలు చిలుకలవలె వల్లించుచున్నారన్న కలమే ఈ మాటలును వ్రాసినది. మొదటిమాటను తరతరములు ఉదహరించి రెండవదానిని విడుచుట మన పరిశోధకులకు తగదు.

మన్రో ఉపాయము కొంతవరకు సరియైనది. కలెక్టరేటునకు హిందువులకొకటి మహమ్మదీయులకొకటి చొప్పున 40 పెద్దబడులు, 300 తాసిల్దారీ బడులు స్థాపించి, మొదటివాని గురువులకు నెలకు 15 రూపాయలు, రెండవవారికి 9 రూపాయలు ఇయ్యవలెనని అతడు నిర్ణయించెను. గురువు జీతమే మూలమని గ్రహించినట్లు దీనివలన తెలియుచున్నది. అతడు మరణించిన పిమ్మట ఆ బడులకు ఆదరము తగ్గి, 1836లో అవి రద్దయ్యెను. పుస్తకముల కొరతకు అచ్చు మందు వేసినది. 1832లో పుదూరు సీతారామశాస్త్రి రచించిన బాలశిక్ష, అక్షరములను గుణింతములను లెక్కలను నీతులను ఒకచోట చేర్చి, ఇంటింట పెద్దబాలశిక్షగ ప్రసిద్ధి పొందినది. తప్పులు నిండిన తాటాకు ప్రతులను కూర్చి శుద్ధపాఠములను సిద్ధపరచు పనిని, 1820లో కడపకు ఉద్యోగిగ వచ్చి తెలుగు నేర్చిన సి. పి. బ్రౌన్ తలకెత్తుకొనెను. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశనాణెములు రాగా, వీసము కాని భిన్నములు తరగతిగదిని విడిచినవి. పత్రపాఠము అంతకుముందే సన్నగిల్లినది; చేతివ్రాత కాగితములను చదువగల నేర్పు నేడు పరిశోధకవిద్యార్థులకే ప్రత్యేకముగ బోధింపవలసివచ్చుచున్నది.

ముగింపు

మా పరిశీలనఫలములను సంగ్రహించెదము. దత్తమండలపు వీధిబడిలో చిన్నపిల్లల చదువునకు క్రమము కలదు: వ్రేలితో అక్షరము, తెలిసిన పేర్లతో మాట, కళ్ళపు కొలతలతో లెక్క, ఊరి కాగితములతో చదువు. వీనిలో అర్థమునకు లోటు లేదు. అర్థము లోపించినది పద్యపాఠమున; దానికి కారణము పుస్తకముల వెల, గురువుల పేదరికము, తల్లిదండ్రుల పేదరికము. ఆ బడి అందరిదియు కాదు, ఈ సీమలో తగినన్నియు లేవు.

నేటి తరగతిగదులలోను, పాఠమును తడుముకొనక చదువుచు దాని భావము చెప్పలేని పిల్లలను ఉపాధ్యాయులు చూచుచునేయున్నారు. అట్టి పిల్లవానిని చూచినప్పుడు, లోపము వాని బుద్ధిలో ఉన్నదని గాని, కంఠపాఠములో ఉన్నదని గాని తొందరపడి నిర్ణయింపరాదు. వానికి అర్థము చెప్పుటకు ఎవరికి తీరిక ఉన్నది, తరగతిలో ఎందరున్నారు, వాని చేతిలోని పుస్తకము ఏ భాషలో ఉన్నది అని ముందుగా అడుగవలెను. కాంబెల్ అడిగిన ప్రశ్నలును ఇవియే. విచారణ జరిపించి కారణమును కనుగొనిన దొరతనము దానికి తగిన వ్యయము చేయుటకు వెనుదీసినది. ఆ వెనుకంజవలన నష్టపోయినవారు ఐదేండ్లకే బడి మానిన ఆ నేతగాండ్ర పిల్లలు, కాపుపిల్లలు. వారు నోటికి నేర్చిన పద్యములకు అర్థము వారికి బాకీగ నిలిచినది. తక్కిన జిల్లాల నివేదికలను కూడ ఈ విధముగ, జీతముల వివరముతో సహా, పరిశోధకులు మరల చదువవలెనని మా కోరిక.